అసలు ముఖం

పాత వస్తువు చేతికి వచ్చినప్పుడు మనిషి మనసులో రెండు కోరికలు ఒకేసారి మేలుకొంటాయి. దాన్ని ఉన్నదున్నట్లుగా దాచుకోవాలన్నది మొదటిది. మళ్ళీ కొత్తదానిలా మెరిపించాలన్నది రెండవది. రెండూ ప్రేమలోనుంచి పుట్టినవే. కాని ఒకటి నెరవేరితే రెండవది నెరవేరదు. తాతలనాటి ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే వచ్చే నష్టం లేదు. దాని మీద ఉన్నది చిలుము మాత్రమే. తాళపత్రం మీద మసకబారిన అక్షరాన్ని ఇంకెవరో తమకు తోచినట్లు దిద్దితే మాత్రం నష్టం ఉంది. పోయేది కవి రాసిన మాట. ఏది మాలిన్యం, ఏది చరిత్ర అని తేల్చుకోవడం అంత సులభం కాదు. ఈ చిక్కు ఎంత సూక్ష్మమైనదో తెలుసుకోవడానికి గొప్ప కట్టడాల దాకా వెళ్ళనవసరం లేదు. మణికట్టు మీద ఇమిడిపోయే పాత చేతిగడియారాన్ని ఒక్కసారి పరిశీలిస్తే చాలు.

తెలుగునాట ఒక తరంలో పెళ్ళినాడు అల్లుడికి చేతిగడియారం పెట్టడం మర్యాదగా సాగింది. స్వాతంత్ర్యానికి ముందునుంచే స్విట్జర్లాండులో తయారైన వెస్ట్ ఎండ్, ఫేవర్ లూబా వంటి గడియారాలు బొంబాయి, కలకత్తా నగరాల మీదుగా దేశమంతటికీ చేరేవి. 1961లో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో గడియారాల తయారీ ప్రారంభించింది. జనత, పైలట్, కోహినూర్ వంటి పేర్లతో వచ్చిన హెచ్.ఎం.టి. గడియారాలు బడిపంతుళ్ళ చేతులకూ, గుమాస్తాల చేతులకూ అందాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ గడియారాల సంస్థను మూసివేయడానికి ఆమోదం తెలిపింది. అటుపిమ్మట బీరువాల అడుగున పడి ఉన్న పాత గడియారాల మీద జనానికి ఒక్కసారిగా మక్కువ పెరిగింది.

ఈ మక్కువ వల్ల ఎన్నో ఇళ్ళలో జరిగే ఒక చిన్న సంఘటనను ఊహించుకోవచ్చు. తండ్రి గతించిన కొన్నేళ్ళకు కొడుకు పెట్టె సర్దుతుంటే ఆయన చేతిగడియారం దొరుకుతుంది. అద్దం గీతలు పడి ఉంటుంది. తెల్లని డయల్ పసుపు పచ్చబారి, అంచున గోధుమరంగు మరక కట్టి ఉంటుంది. కొడుకు భక్తితో దాన్ని బజారుకు తీసుకువెళ్ళి బాగుచేయిస్తాడు. వారం తరువాత గడియారం తళతళలాడుతూ ఇంటికి వస్తుంది. తల్లి దాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూస్తుంది. చివరకు, “ఇది మీ నాన్నగారి వాచీయేనా నాయనా?” అని అడుగుతుంది. కొడుకు దగ్గర దానికి సూటి సమాధానం ఉండదు. యంత్రం అదే, కేసు అదే. కాని నలభై ఏళ్ళు ఆమె చూసిన ముఖం మాత్రం అది కాదు.

గడియారానికి డయల్ నిజంగా ముఖమే. లోపలి యంత్రం ఎంత గొప్పదైనా కంటికి కనిపించేది డయల్ మాత్రమే. ఒక పాత గడియారపు డయల్ మూడు విధాలుగా ఉండవచ్చు. కార్ఖానాలో బిగించినది నేటికీ అలాగే ఉంటే అది అసలు డయల్. పాత రంగును, అక్షరాలను తొలగించి మళ్ళీ పూత పూసి, మళ్ళీ అచ్చు వేస్తే అది పునర్లేపనం పొందిన డయల్. మరమ్మతు సందర్భంలో కార్ఖానావారే పాతదాన్ని తీసి తమదే అయిన కొత్తదాన్ని అమరిస్తే అది మార్పిడి డయల్. ఈ మూడవది నకిలీ కాదు. అయినా ఆ గడియారంతో పుట్టినది కాదు. ఈ తేడాలు తెలియకుండా, పాతది కాబట్టి అసలుదనీ, మెరుస్తున్నది కాబట్టి మంచిదనీ అనుకొనేవారు రెండు విధాలా మోసపోతారు.

అసలును గుర్తించాలంటే అది ఎలా తయారవుతుందో తెలియాలి. సాధారణంగా డయల్ పలుచని ఇత్తడి రేకు. దాని వెనుక యంత్రంలోకి దిగే రెండు చిన్న కాళ్ళుంటాయి. రేకు ముందు భాగాన్ని నునుపు చేసి, కొన్నిటికి సన్నని గీతల నగిషీ పెట్టి, వెండి వంటి లోహపు పూత గాని రంగు గాని వేసి, పైన పారదర్శకమైన వార్నిష్ పూస్తారు. ఆ తరువాత అక్షరాలు, నిమిషాల గీతలు అచ్చవుతాయి. ఉక్కు పలక మీద లోతుగా చెక్కిన అక్షరాల్లో సిరా నింపి, పైనున్న సిరాను తుడిచివేసి, మెత్తని దిండు వంటి అద్దకపు ముద్దతో ఆ సిరాను ఎత్తి డయల్ మీద అద్దుతారు. అందువల్ల మంచి కార్ఖానా అక్షరం భూతద్దంలో కొంచెం ఉబ్బెత్తుగా, అంచులు పదునుగా, నిండుగా కనిపిస్తుంది. బియ్యపు గింజంత చోటులో పదిహేను అక్షరాలున్నా ఒకదానిమీద ఒకటి పడవు.

పునర్లేపనం ఈ క్రమాన్ని వెనక్కు నడిపిస్తుంది. ముందుగా రసాయనంతో పాత వార్నిష్, పాత అక్షరాలు కరిగిపోతాయి. తరువాత రేకును రుద్ది నునుపు చేస్తారు. మళ్ళీ పూత పూసి, దొరికిన అచ్చుతో అక్షరాలు వేస్తారు. పనివాడు నేర్పరి అయి, సరైన అచ్చు అతని దగ్గర ఉంటే ఫలితం అసలుకు చాలా దగ్గరగా వస్తుంది. సరైన అచ్చు లేనప్పుడు పోలిక గల అక్షరాలతో సరిపెడతాడు. అయితే ఎంతటి నేర్పరి అయినా ఒక్క విషయంలో అశక్తుడు. రుద్దినప్పుడు పోయిన లోహం తిరిగి రాదు. సన్నని నగిషీ గీతలు మొద్దుబారుతాయి. పల్లంగా ఉండవలసిన చిన్న సెకన్ల వలయపు అంచు కొత్త రంగుతో పూడుకుపోతుంది. అనుభవం గల కన్ను వెతికేది ఈ జాడలనే.

పరీక్షలో మొదటిది అక్షరాలను చూడడం. అదే తయారీదారు, అదే నమూనా, అదే కాలానికి చెందిన నిస్సందేహమైన గడియారాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చాలి. అక్షరాల మందం ఒకే తీరుగా ఉన్నదా, వాటి కొసల మలుపు సరిపోతున్నదా, రెండు అక్షరాల నడుమ ఎడం సమంగా ఉన్నదా అని విచారించాలి. స్విట్జర్లాండు గడియారాల్లో ఆరు అంకె కింద, డయల్ అంచును ఆనుకొని, ‘స్విస్’ అని గాని, ‘స్విస్ మేడ్’ అని గాని చిన్న అక్షరాలుంటాయి. తిరిగి రంగు వేసేవారు తరచుగా ఈ చిన్న మాటను వదిలేస్తారు, లేదా ఉండవలసిన చోటుకు పైకి జరుపుతారు. పెద్ద పేరు మీద చూపిన శ్రద్ధ చిన్న మాట మీద చూపకపోవడం అనుకరించేవారికి సహజం. అందుకే పరీక్షించే కన్ను పెద్ద పేరు దగ్గర ఆగిపోక అంచుల దాకా వెళ్ళాలి.

రెండవది కొలతను చూడడం. తెలుగు పద్యం చదివేవారికి ఈ పరీక్ష కొత్తది కాదు. పద్యంలో ఎక్కడైనా యతి తప్పినా, ప్రాస చెడినా, గణం కుంటినా అక్కడ లేఖకుడి చెయ్యి తడబడి ఉంటుందని పండితుడు అనుమానిస్తాడు. ఛందస్సు కవికి కట్టుబాటు. అదే పాఠానికి కాపలాదారు. గడియారపు డయల్‌కు కూడా అటువంటి ఛందస్సు ఉంది. చుట్టూ ఉన్న అరవై నిమిషాల గీతలు సమాన దూరంలో ఉండాలి. పన్నెండు అంకె నడిమి నుంచి ఆరు అంకె నడిమికి గీత గీస్తే అది కేంద్రం గుండా పోవాలి. విడిగా అతికించిన లోహపు గుర్తులు నిమిషాల గీతలకు సరిగ్గా ఎదురుగా నిలవాలి. చిన్న సెకన్ల వలయానికి దాని ముల్లు ఉన్న చోటే కేంద్రం కావాలి. ఈ లెక్క తప్పిన డయల్, యతి తప్పిన పద్యంలా, తన కథ తానే చెప్పుకొంటుంది. డయల్ అంచున ఆకురాయితో పెట్టిన చిన్న గాడి, వెనుక వైపు మరమ్మతువారు గీసుకొన్న గుర్తులు కూడా కొన్నిసార్లు ఈ కథకే సాక్ష్యమిస్తాయి.

మూడవది వయసు తీరును చూడడం. కాలం వస్తువును ఇష్టం వచ్చినట్లు పాడుచేయదు. దానికీ ఒక పద్ధతి ఉంది. చెమ్మ ఎక్కువగా కీ ఇచ్చే బొడిపె పక్కనుంచి గాని, అద్దం అంచు నుంచి గాని లోపలికి చేరుతుంది. కనుక మరకలు తరచుగా ఆ చోట్లనే మొదలవుతాయి. వార్నిష్ నెమ్మదిగా పసుపు పచ్చబారుతుంది. ఎండ తగిలిన కొన్ని నల్లని డయళ్ళు గోధుమరంగుకు మారతాయి. డయల్ ఒక్కటే కాదు. ముళ్ళు, కేసు, వెనుక మూత అన్నీ కలిసి వయసు పైబడినవే. కేసు అంచులు అరిగి, ముళ్ళ మీద తుప్పు చుక్కలున్న గడియారానికి డయల్ మాత్రం నిన్న పూసినట్లు తెల్లగా ఉంటే అనుమానం కలగాలి. అరవై ఏళ్ళ దేహం మీద ఇరవై ఏళ్ళ ముఖం పొసగదు. అదే విధంగా, ఆ నమూనాలో కార్ఖానా ఎన్నడూ తయారుచేయని ముదురు ఎరుపు, నెమలికంఠపు నీలం వంటి రంగులు కనిపిస్తే అవి బజారులో పుట్టిన రంగులని గ్రహించాలి.

నాలుగవది వెలుగు పూతను చూడడం. చీకట్లో సమయం తెలియడానికి కొన్ని గడియారాల అంకెలకు, ముళ్ళకు వెలుగునిచ్చే పదార్థం పూసేవారు. 20వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో దీనికి రేడియం వాడారు. 1960వ దశకం నుంచి దాని స్థానంలో ట్రిటియం వచ్చింది. ట్రిటియం వాడిన స్విస్ డయళ్ళ అడుగున ‘స్విస్’ అనే మాటకు అటూ ఇటూ ‘టి’ అనే ఆంగ్లాక్షరం కనిపిస్తుంది. 1940వ దశకానికి చెందినదని చెప్పే గడియారంలో ఆ అక్షరం ఉంటే, ఆ డయల్ గడియారంతో పుట్టినది కాదని తెలుస్తుంది. ట్రిటియం శక్తి సుమారు 12 సంవత్సరాలకు సగమవుతుంది. అందువల్ల 1960వ దశకపు ట్రిటియం పూత నేడు రాత్రంతా ధగధగ వెలగదు. అలా వెలిగితే పూత కొత్తదని అర్థం. రేడియం సంగతి వేరు. దాని శక్తి సగం కావడానికి సుమారు 1600 సంవత్సరాలు పడుతుంది. దానితో కలిసి వెలుగునిచ్చే పదార్థం ఏనాడో నశించడం వల్ల కంటికి వెలుగు కనిపించకపోవచ్చు. కాని కిరణాలు మాత్రం నేటికీ వెలువడుతూనే ఉంటాయి. కనుక అటువంటి డయల్‌ను కుతూహలం కొద్దీ విప్పడం, గీకడం, ఆ పొడిని పీల్చడం ప్రమాదకరం. సత్యాన్వేషణకు కూడా జాగ్రత్త అనే హద్దు అవసరం.

ఈ నాలుగు పరీక్షలూ తెలిసినంత మాత్రాన తీర్పు చెప్పే అధికారం వచ్చేసిందని అనుకోరాదు. ఏ ఒక్క ఆనవాలూ తనంత తాను చాలదు. కార్ఖానాలో కూడా అచ్చు కొంచెం పక్కకు జరిగిన సందర్భాలుంటాయి. ఒకే నమూనాకు ఒకటికి మించిన తయారీశాలల నుంచి డయళ్ళు తెప్పించుకొన్న సంస్థలున్నాయి. అటువంటప్పుడు అక్షరాల తీరులో స్వల్ప భేదం సహజం. పెట్టెలోనే పడి ఉండి, ఎండా చెమ్మా తగలని గడియారం ముఖం నిజంగానే కొత్తగా ఉండవచ్చు. అందువల్ల ఒక్క లోపం చూసి “నకిలీ” అని కేక వేయడం, ఒక్క మరక చూసి “అసలు” అని చేతులు జోడించడం రెండూ తొందరపాట్లే. అన్ని ఆనవాళ్ళూ ఒకే దిక్కును చూపినప్పుడు మాత్రమే నిర్ణయానికి రావాలి. అవి వేర్వేరు దిక్కులు చూపితే “తేలలేదు” అని చెప్పగలిగే ధైర్యం ఉండాలి. ఆ మాట అనడం అజ్ఞానం కాదు, వివేకం.

ప్రాచీన కావ్యాలను పరిష్కరించినవారు నడిచిన దారి కూడా ఇదే. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు కావ్యాలకు ఊరూరి నుంచి ప్రతులు సేకరించి, పండితుల చేత వాటిని సరిపోల్చించి, శుద్ధప్రతులు రాయించాడు. ఒక్క ప్రతిని చూసి ఇదే కవి మాట అనలేదు. పాఠ పరిష్కరణలో అనుభవజ్ఞులు పాటించే సూత్రం ఒకటి ఉంది. రెండు పాఠాలు ఎదురైనప్పుడు, అర్థం సులభంగా తోచే పాఠం కంటే కఠినంగా తోచే పాఠానికే అసలయ్యే అవకాశం ఎక్కువ. లేఖకుడు తెలియని మాటను తెలిసిన మాటగా మారుస్తాడు గాని, తెలిసిన మాటను తెలియని మాటగా మార్చడు. గడియారాల్లోనూ అంతే. రంగు వేసేవాడు వంకరను చక్కదిద్దుతాడు, మసకను తెలుపు చేస్తాడు, బొద్దుగా పెద్ద అక్షరం వేస్తాడు. కనుక మరీ ఇంపుగా, మరీ చదును చేసినట్లు కనిపించే పాత ముఖం దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించడం మంచిది.

అయితే పాతదనాన్ని కూడా కల్పించవచ్చునని మరువరాదు. 2021 నవంబరులో జెనీవాలో జరిగిన వేలంలో 1957 నాటిదని చెప్పిన ఒక ఒమేగా స్పీడ్‌మాస్టర్ గడియారం 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. దాని నల్లని డయల్ ఏళ్ళు గడిచి గోధుమరంగుకు మారడం దాని ఆకర్షణల్లో ముఖ్యమైనది. 2023లో ఒమేగా సంస్థే ముందుకు వచ్చి, అది వేర్వేరు గడియారాల భాగాలను కూర్చి సిద్ధం చేసినదని వెల్లడించింది. నిపుణులు కూడి చూసే వేలంలోనే ఇటువంటిది జరిగితే, సంతలో చాప మీద పరిచిన గడియారాల మాట చెప్పనవసరం లేదు. మెరుపును చూసి మోసపోవడం ఒక తరహా, మరకను చూసి మోసపోవడం మరొక తరహా. జనం ఏది కోరితే మోసగాడు దాన్నే తయారుచేస్తాడు.

ఇంతకూ అసలు ముఖానికి ఇంత విలువ ఎందుకు? దీనికి బజారు ఒక సమాధానం చెబుతుంది. 2017 అక్టోబరులో న్యూయార్కులో, హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా గడియారం కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లకు పైగా ధర పలికింది. అంతటి ధరకు ఆయన పేరు ప్రధాన కారణమే. కాని ఆయన ధరించిన ఆ తరహా డయల్ ఉన్న ఇతర గడియారాలు కూడా, అదే యంత్రం, అదే కేసు ఉండి మామూలు డయల్ ఉన్నవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతాయి. రెండింటికీ తేడా ఒక్క పలుచని రేకు మాత్రమే. అంత లాభం ఉన్నచోట ఆ రేకును దొంగచాటుగా తయారుచేసేవారు పుట్టుకురావడంలో ఆశ్చర్యం లేదు.

కాని బజారు చెప్పే సమాధానం పూర్తి సమాధానం కాదు. జనత గడియారానికి కోట్లు రావు. దాని అసలు డయల్ విలువ సొమ్ములో లేదు. ఆ అంచు మరక ఏ వానాకాలంలోనో, పొలం గట్టు మీద నడుస్తున్నప్పుడో, చెరువులో దిగినప్పుడో పడినది కావచ్చు. ఆ పసుపుదనం నలభై వేసవుల ఎండ. అది ఎవరూ రాయకుండా రాసుకొన్న దినచర్య. దాన్ని చెరిపి అక్కడ తెల్లని రంగు పూస్తే గడియారం అందంగా కనిపించవచ్చు. కాని దానికి జ్ఞాపకం ఉండదు. చెరిగిన డయల్‌ను మళ్ళీ అచ్చువేయవచ్చు. చెరిగిన నలభై ఏళ్ళను అచ్చువేసే యంత్రం లేదు. ఒక వస్తువు మొదటి రూపంలో ఉండే అవకాశం దాని జీవితంలో ఒక్కసారే వస్తుంది.

దీనికి బలమైన ప్రతివాదం ఉంది. దాన్ని వినకపోవడం న్యాయం కాదు. గడియారం సమయం చూసుకోవడానికి పుట్టింది. అంకెలు కనిపించని గడియారం ఎవరికి పనికివస్తుంది? తండ్రి గడియారాన్ని రోజూ చేతికి పెట్టుకోవాలనుకొనే కొడుకును పెట్టెలో దాచుకొమ్మనడం ఏమి ధర్మం? అంతేకాదు, దశాబ్దాలుగా మన పట్టణాల్లో గడియారాల పనివారు కంటికి భూతద్దం తగిలించుకొని, చిన్న బల్ల ముందు కూర్చుండి, విదేశీ విడిభాగాలు దొరకని కాలంలో పాతవాటికే ప్రాణం పోశారు. ఆనాడు డయల్‌కు రంగు వేయించుకోవడం ఇంటికి సున్నం వేయించుకోవడం వంటి మామూలు పని. దానిలో ఎవరికీ ఎవరినీ మోసగించే ఆలోచన లేదు. ఆ పనివారందరినీ నేటి సేకర్తల కొలబద్దతో దోషులుగా నిలబెట్టడం కృతఘ్నత అవుతుంది.

ఈ వాదంలో సత్యం ఉంది. కనుక పునర్లేపనమే పాపమని అనడం సరికాదు. పూర్తిగా తుప్పుపట్టి, రంగు పొలుసులుగా రాలి, ఆ పొలుసులు యంత్రంలో పడుతున్న డయల్‌కు మళ్ళీ పూత వేయించడం అవసరమే. దోషం పూతలో లేదు; పూతను దాచడంలో ఉంది. “ఈ డయల్‌కు మళ్ళీ రంగు వేశాం” అని చెప్పి అమ్మినవాడు వ్యాపారి. అదే డయల్‌ను “కార్ఖానా నుంచి వచ్చినది వచ్చినట్లే ఉంది” అని అమ్మినవాడు వంచకుడు. ఇద్దరి చేతిలోని వస్తువు ఒకటే. వారిని వేరుచేసేది ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం వల్ల కొనేవాడు తన సొమ్ముకు ఏమి వస్తున్నదో తెలుసుకొని నిర్ణయించుకొంటాడు. అది లేకపోతే తొలిజీతంతో పాత గడియారం కొనుక్కొన్న యువకుడు, ఏడాది తరువాత తెలిసినవారికి చూపించి తలవంచుకొంటాడు. అతడు కోల్పోయేది సొమ్ము మాత్రమే కాదు, పాతవస్తువుల మీద, వాటిని అమ్మే మనుషుల మీద ఉన్న నమ్మకం కూడా.

ఆ దాపరికం వల్ల నష్టపోయేది కొనేవాడు ఒక్కడే కాదు. నిజం చెప్పి తక్కువ ధరకు అమ్మే నిజాయితీపరుడు, అబద్ధం చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవాడి పక్కన దివాలా తీస్తాడు. మరో తరం గడిచేసరికి తిరగరాసిన ముఖాలనే అసలు ముఖాలని అందరూ నమ్ముతారు. పోల్చి చూడడానికి నిజమైన డయల్ మిగలదు. కావ్యాల్లో ప్రక్షిప్తాలు చేరినప్పుడు జరిగినదీ ఇదే. ఎవరో చేర్చిన పద్యం నాలుగు ప్రతుల్లోకి ఎక్కితే, ఐదవ ప్రతి రాసేవాడికి అది కవి పద్యమే.

కనుక పాత గడియారం చేతికి వచ్చినవారు తొందరపడకుండా కొన్ని పనులు చేయాలి. ముందుగా దాన్ని ఉన్నదున్నట్లు అన్ని వైపుల నుంచి ఫొటో తీసి ఉంచుకోవాలి. యంత్రాన్ని శుభ్రం చేయించి నూనె వేయించడం, పగిలిన అద్దాన్ని మార్పించడం వేరు, డయల్‌ను ముట్టడం వేరు అని గుర్తుంచుకోవాలి. పనివాడికి “డయల్ ముట్టవద్దు” అని ముందే స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే అతడు మంచి చేస్తున్నాననుకొనే దాన్ని రుద్దవచ్చు. రోజూ ధరించడానికి తేటగా కనిపించే డయల్ కావాలనుకొంటే, వేరొక డయల్ అమర్చుకొని, పాతదాన్ని కాగితంలో చుట్టి భద్రపరచుకోవచ్చు. పూత వేయించక తప్పదనుకొన్నప్పుడు, ఏ సంవత్సరంలో ఎవరి చేత వేయించినదీ ఒక చీటీ మీద రాసి గడియారంతోపాటే ఉంచాలి. పదేళ్ళ తరువాత అది ఎవరి చేతికి చేరినా ఆ చీటీ నిజం చెబుతుంది. చీటీ ఉన్న పునర్లేపనం చరిత్రలో భాగం. చీటీ లేనిది చరిత్రకు వేసిన ముసుగు.

చదువుకొనే వయసులో ఉన్నవారికి ఈ చిన్న వస్తువు నేర్పే పాఠం గడియారాలతోనే ఆగదు. ఏ విషయాన్నైనా దగ్గరగా చూడడం, పక్కన నమ్మదగినదాన్ని పెట్టుకొని పోల్చడం, ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకపోవడం, తేలనప్పుడు తేలలేదని ఒప్పుకోవడం అన్నవి వార్తకూ, వదంతికీ, చరిత్రకూ, మనిషికీ వర్తించే పద్ధతులే. అయితే మనుషుల విషయంలో ఒక భేదం ఉంది. గడియారం తన ముఖం మీద పూసిన రంగు గురించి తాను చెప్పుకోలేదు. దాని తరఫున మనిషే నిజం చెప్పాలి.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు కొడుకు చెప్పదగిన సమాధానం ఒక్కటే. “నాన్నగారిదేనమ్మా. ముఖానికి మాత్రం రంగు వేయించాను. తెలియక చేశాను.” ఆ మాటతో పోయిన మరక తిరిగి రాదు. కాని ఆమె చేతిలో ఉన్నదేమిటో ఆమెకు తెలుస్తుంది.